పాత బోటుకి కొత్త పగ్గాలు

(స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

  

మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఏదైనా ఇంజనీరింగు సంగతి మీద మాట్లాడు. కానీ తొమ్మిదో తరగతి పిల్లాడికి కూడా అర్థం కావాలి" అన్నారు. నేను డెట్రాయిట్ దగ్గర కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఆఫీసులో చేసే పని గురించి చెప్తే మొదట నిద్రపోయేది నేనే. అందుకని ఆఫీసు పని వదిలేసి, మా ఇంటి గరాజులో చలికాలం అంతా కూర్చుని చేసిన ఒక పని గురించి చెప్తాను. ఒక పాత మోటారు బోటుకి స్టీరింగూ, గేరూ, యాక్సిలరేటరూ సొంతంగా, తక్కువ డబ్బుతో మార్చుకున్న కథ. ఇందులో నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉంది. ముఖ్యంగా దాని కోసమే ఈ కథ ఎంచుకున్నాను.

మన ఊరి వాళ్లకి పడవల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అమ్మమ్మ గారి ఊరికి లాంచీలో వెళ్లేవాణ్ణి. పైన చక్రం దగ్గర సరంగు. కింద, వేడికీ చప్పుడుకీ మధ్య ఇంజను డ్రైవరు. ఇద్దరూ ఒకరికొకరు కనిపించరు. మధ్యలో ఉన్నది ఒక తాడు, తాడు చివర ఒక గంట. సరంగు తాడు లాగితే కింద గంట మోగేది. ఆ గంటల లెక్కని బట్టి డ్రైవరు ముందుకో, వెనక్కో, ఆపడమో చేసేవాడు. అంత పెద్ద లాంచీ, అంతమంది జనం, అంతా ఆ తాడు మీదే ఆధారపడి ఉన్నారని అప్పుడు నాకు తట్టలేదు. నలభై ఏళ్ల తరవాత, ఇంకో దేశంలో, ఇంకో నీళ్ల మీద తట్టింది.

మేము ఉండే చోటికి దగ్గరలో లేక్ సెయింట్ క్లెయిర్ అని ఒక సరస్సు ఉంది. సుమారు 430 చదరపు మైళ్ల విస్తీర్ణం. ఇటు అమెరికా, అటు కెనడా. చూడ్డానికి సముద్రంలా ఉంటుంది గానీ సగటు లోతు 11 అడుగులే. లోతు తక్కువ కాబట్టి భయం లేదనుకోకండి. గాలి లేచిందంటే లోతులేని నీళ్లలో అలలు చాలా త్వరగా, దగ్గరదగ్గరగా, నిటారుగా లేస్తాయి. అలాంటప్పుడు బోటు మన మాట వినాలి. వినకపోతే అంతే సంగతులు.

2015 వసంతంలో నేను 2,800 డాలర్లు పెట్టి ఒక పాత బోటు కొన్నాను. 1988లో తయారైంది. 17 అడుగుల ఫైబరు గ్లాసు బోటు, వెనక పలకకి తగిలించిన 90 హార్స్ పవరు ఇంజను. కొనేటప్పుడు ఏం చూశానో చెప్తే నవ్వుతారు. ఇంజను స్టార్ట్ అవుతోందా, సీట్లు చిరిగాయా, రంగు పోయిందా, ఇవే. స్టీరింగు కొంచెం బిగుతుగా ఉంది. పాతది కదా అనుకున్నాను. గేరు లీవరు కొంచెం మెత్తగా, స్పాంజి నొక్కినట్టు ఉంది. అలవాటైపోతుందిలే అనుకున్నాను. పగలంతా కార్ల భాగాలకి పరీక్షలు పెట్టే మనిషిని, సొంత బోటు దగ్గరికి వచ్చేసరికి అలా అనుకున్నాను.

ఆ ఏడాది ఆగస్టులో ఒక ఆదివారం సాయంత్రం, నేను, మా ఆవిడ, మా అమ్మాయి తిరిగి వస్తున్నాం. అమ్మాయికి అప్పుడు 11 ఏళ్లు. రేవు దగ్గరపడింది. లీవరు న్యూట్రల్‌కి తెచ్చాను. తరవాత, బోటు ఆగడానికి, రివర్సులోకి లాగాను. లీవరు వచ్చింది. గేరు రాలేదు. ఇంజను ఇంకా ముందుకి తోస్తూనే ఉంది. నేను కంగారులో లీవరు ఇంకా వెనక్కి లాగాను. దాంతో యాక్సిలరేటరు పెరిగింది. అంటే ఆగాల్సిన బోటు ఇంకా జోరుగా రేవు మీదికి వెళ్లింది. మా అమ్మాయి ముందు కూర్చుని ఉంది. నాన్నకి సాయం చేద్దామని, బోటు రేవుకి తగలకుండా కాలు అడ్డం పెట్టబోయింది. రేవు మీద నిలబడ్డ ఎవరో పెద్దాయన "కాలు లోపలికి!" అని గట్టిగా అరిచాడు. అది కాలు లాక్కుంది. నేను తాళం తిప్పి ఇంజను ఆపాను. అప్పటికే బోటు ముక్కు చెక్క గుంజకి కొట్టుకుంది. గుంజ మీద ఇప్పటికీ ఆ గాటు ఉంది. ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ గాటు దగ్గర మా అమ్మాయి కాలు ఉండేది.

పిల్లలందరికీ ఇక్కడ ఒక మాట. బోటు ఎంత చిన్నదైనా సరే, దాన్ని కాలితోనో చేత్తోనో ఆపబోకండి. మా బోటు, ఇంజను, మనుషులు కలిపి దాదాపు టన్ను బరువు. నెమ్మదిగా కదిలే టన్ను కూడా టన్నే.

ఇంటికి వచ్చాక మా ఆవిడ ఒకటే మాట అంది, అమ్మెయ్యమని. నేను రిపేరు చేయిస్తానన్నాను. ఒక షాపులో చూపిస్తే స్టీరింగు, గేరు కేబుళ్లు, లీవరు పెట్టె, కూలీ అన్నీ కలిపి 1,600 డాలర్లు అన్నారు. బోటు ధరలో సగానికి పైన. వాళ్లని తప్పుపట్టడానికి లేదు, పని అంత ఉంది. కానీ అప్పుడు మా ఇంటి లెక్కలు అంత బాగా లేవు. సరే, నేనే చేస్తానన్నాను. మా ఆవిడ చాలాసేపు ఆలోచించి మూడు షరతులు పెట్టింది. ఒకటి, ప్రాణం ఆధారపడిన చోట పాత సామాను వాడకూడదు. రెండు, హడావిడిగా చేయకూడదు, సరస్సు గడ్డకట్టి ఉన్నన్నాళ్లూ టైము ఉంది కదా. మూడు, పని అయ్యాక ఆ పని తెలిసిన వేరే మనిషి చూసి బాగుందనేవరకు మేమెవ్వరం బోటు ఎక్కం. మొదటి రెండూ ఒప్పుకున్నాను. మూడోదానికి కొంచెం చిన్నతనం అనిపించింది. ఇంజనీరుని కదా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇలాంటి బోట్లలో ముందున్న మనిషికీ వెనకున్న ఇంజనుకీ మధ్య మూడు కేబుళ్లు ఉంటాయి. ఒకటి స్టీరింగుది. అది ఇంజను మొత్తాన్ని అటూ ఇటూ తిప్పుతుంది. రెండోది గేరుది. మూడోది యాక్సిలరేటరుది. ఈ చివరి రెండూ ఒకే లీవరుకి తగిలి ఉంటాయి. లీవరు కాస్త ముందుకి తోస్తే మొదట గేరు పడుతుంది. ఇంకా తోస్తే ఇంజను వేగం పెరుగుతుంది. వెనక్కి లాగినా అంతే. ఆ రోజు జరిగింది అదే. గేరు కేబులు పని చేయలేదు, యాక్సిలరేటరు కేబులు చక్కగా పని చేసింది.

మన రోజుల్లో స్కూటరు నడిపిన వాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. స్కూటరు హ్యాండిలు నుంచి గేరు పెట్టె దాకా రెండు తీగలు వెళ్తాయి. ఒకటి లాగితే పై గేరు, రెండోది లాగితే కింది గేరు. ఎందుకంటే మామూలు తీగ లాగడానికే పనికొస్తుంది, తోస్తే వంగిపోతుంది. బోటు కేబులు అలా కాదు. లోపల గట్టి ఉక్కు తీగ, దాని చుట్టూ ప్లాస్టిక్ పొర, దానిపైన ఉక్కు తీగల చుట్ట, అన్నిటికీ పైన ఇంకో ప్లాస్టిక్ తొడుగు. లోపలి తీగ అటూ ఇటూ వంగడానికి చోటు లేదు కాబట్టి ఒకే కేబులు లాగుతుంది, తోస్తుంది కూడా. అదే దాని బలం. దాని బలహీనత పై తొడుగులో ఉంది. తొడుగు ఎక్కడైనా చిట్లితే నీళ్లు లోపలికి వెళ్తాయి. తుప్పు పట్టిన తీగ ఉబ్బి, లోపలే పట్టేస్తుంది. ఈ చివర మనం లీవరు కదిపితే కేబులు మొత్తం కాస్త సాగి, వంగి, కదిలినట్టు అనిపిస్తుంది. ఆ చివర మాత్రం ఏమీ కదలదు. నాకు స్పాంజిలా అనిపించింది అదే. కేబులు ఏప్రిల్ నుంచి చెప్తూనే ఉంది, నేను వినలేదు.

నవంబరులో బోటుని గరాజులోకి తెచ్చి మొదటి వారం ఒక్క నట్టు కూడా విప్పలేదు. ఫోటోలు తీశాను, కొలతలు రాసుకున్నాను. మన బడిలో సైన్సు ప్రయోగాలప్పుడు, రికార్డు రాయకుండా పరికరం ముట్టుకుంటే మాస్టారు స్కేలుతో వేళ్ల మీద ఒకటి వేసేవారు. ఆ దెబ్బ ఇన్నాళ్లకి పనికొచ్చింది. మీలో ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే ముందు ఇంజను తయారీ సంవత్సరం, మోడలు, సీరియల్ నంబరు రాసుకోండి. కంపెనీని బట్టి కేబులు చివర్లు మారతాయి. కొన్ని ఇంజన్లకి యాక్సిలరేటరు తోస్తే తెరుచుకుంటుంది, కొన్నిటికి లాగితే తెరుచుకుంటుంది. కేబులు పొడవు కొలవడం కూడా ఊహ మీద వదలకండి. చాలా స్టీరింగు కేబుళ్ల తొడుగు మీద నంబరు అచ్చు వేసి ఉంటుంది. నా దాని మీద చివరి రెండు అంకెలు 14. అంటే 14 అడుగులు. పొట్టిదైతే వంపుల దగ్గర నలుగుతుంది, మరీ పొడుగైతే చుట్టలు పడి బిగుస్తుంది. ప్రతి వంపూ రాపిడే.

స్టీరింగు తీయడం అన్నిటికంటే కష్టమైంది. ఈ కేబులు చివర ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. ఇంజనుని పైకి లేపడానికి వెనక పలక దగ్గర ఒక ఇరుసు గొట్టం ఉంటుంది కదా, ఆ కడ్డీ దానిలోంచి వెళ్తుంది. ఏళ్ల తరబడి పెట్టిన గ్రీజు ఎండి మైనంలా గట్టిపడింది. దానికి తుప్పు తోడైంది. చాలామంది స్టీరింగు బిగుతైతే ముందున్న చక్రాన్ని అనుమానిస్తారు గానీ, జబ్బు చాలాసార్లు ఈ గొట్టంలోనే ఉంటుంది. తుప్పు వదిలించే నూనె పోసి, ఒక రాత్రి నానబెట్టి, చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టాను. మూడు సాయంత్రాలు పట్టింది. బయటికి వచ్చాక గొట్టం లోపల శుభ్రం చేయడానికి తుపాకీ గొట్టాలు తోమే బ్రష్షు కొన్నాను. మన దగ్గర సీసాలు కడిగే బ్రష్షు లాంటిదే, ఇత్తడి పళ్లతో ఉంటుంది.

కొత్త స్టీరింగు సెట్టులో నేను ఒక విషయంలో మాత్రం పైసా తగ్గించలేదు. ఇంజను ప్రొపెల్లరు ఒకే వైపు తిరుగుతుంది కాబట్టి, ఇంజను ఎప్పుడూ స్టీరింగుని ఒక పక్కకి లాగుతూ ఉంటుంది. పాత రకం స్టీరింగుల్లో ఆ లాగుడు తిన్నగా చేతికి వస్తుంది. జోరు మీద ఉన్నప్పుడు చెయ్యి వదిలితే చక్రం గిర్రున తిరిగి బోటు ఒక్కసారిగా మలుపు తీసుకుంటుంది, మనుషులు బయటికి విసిరేసినట్టు పడతారు. కొత్త రకాల్లో చక్రం వెనక చిన్న క్లచ్చు ఉంటుంది. మనిషి తిప్పితే ఇంజను తిరుగుతుంది, ఇంజను లాగితే మాత్రం చక్రం తిరగదు. ధర కొంచెం ఎక్కువ. అదే కొన్నాను. పెద్ద ఇంజన్లకి నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ స్టీరింగు ఉంటుంది. హాయిగా ఉంటుంది గానీ ఖరీదు చాలా ఎక్కువ. నా 90 హార్స్ పవరుకి కేబులే చాలు.

ఇక పొదుపు ఎక్కడ చేశానో చెప్తాను. కొత్త స్టీరింగు పాత కన్నంలో పట్టలేదు. పాత కన్నం పెద్దది. దాన్ని కప్పుతూ కొత్తది బిగించడానికి ఒక పలక కావాలి. తుక్కు సామాను కొట్లో పావు అంగుళం మందం ఉన్న అల్యూమినియం రేకు ముక్క ఊరికే ఇచ్చారు. దాన్ని కోసి, ఆకురాయితో అంచులు నునుపు చేసి బిగించాను. పక్కనే లైట్ల స్విచ్చులకి కూడా పలక పాడైపోయింది. దానికి మా వంటింట్లో కూరలు తరిగే ప్లాస్టిక్ పలక సరిగ్గా సరిపోయింది. మా ఆవిడ ఇప్పటికీ దాని గురించి అడుగుతూ ఉంటుంది. స్విచ్చుల పలక విరిగితే లైటు వెలగదు. స్టీరింగు పలక విరిగితే మనుషులు పోతారు. అందుకని తరిగే పలక మొదటిదానికి పనికొస్తుంది, రెండోదానికి పనికిరాదు. తక్కువ ఖర్చుతో పని చేయడమంటే నాకు అర్థమైంది ఇదే. అన్నీ చవకవి కొనడం కాదు, ఏది విరిగితే ఏమవుతుందో ఒక్కోదాన్నీ అడిగి, దాన్ని బట్టి డబ్బు పెట్టడం. కూలీ మిగుల్చుకోవచ్చు, రేకు ముక్క మిగుల్చుకోవచ్చు. బోల్టు మిగుల్చుకోకూడదు.

లీవరు పెట్టె కూడా మార్చాను. పాతదాంట్లో న్యూట్రల్ దగ్గర ఉండే గాడి అరిగిపోయి, మోకాలు తగిలినా గేరు పడేది. కొత్తదానికి పిడి కింద ఉన్న మీట ఎత్తితే గానీ లీవరు కదలదు. గేరులో ఉండగా ఇంజను స్టార్ట్ కాకుండా ఆపే స్విచ్చు కూడా లోపలే ఉంది. ఆ స్విచ్చు వైర్లు సరిగ్గా కలపడం మర్చిపోకండి. కలపకపోయినా బోటు నడుస్తుంది, అదే ప్రమాదం.

కేబుళ్లు బిగించాక సరిచేయడం ఓపిక పని. బ్యాటరీ వైరు తీసేసి, స్పార్క్ ప్లగ్గులు తీసి, తాళం చెవి జేబులో వేసుకున్నాకే ప్రొపెల్లరు మీద చెయ్యి వేయాలి. ముందు గేరు సరిచేయాలి, తరవాతే యాక్సిలరేటరు. లీవరు న్యూట్రల్‌లో పెట్టి కేబులు చివర ఎంత ఊగుతోందో చూసి, ఆ ఊగుడికి నడిమధ్యని గుర్తుపెట్టుకుని, అక్కడ ఇత్తడి గొట్టాన్ని మరల తిప్పి కూర్చోబెట్టాలి. ముందుకి వేసి ప్రొపెల్లరుని చేత్తో తిప్పి చూడాలి, ఒక వైపు గట్టిగా పట్టాలి. వెనక్కి వేసి మళ్లీ చూడాలి. న్యూట్రల్‌లో రెండు వైపులా ఊరికే తిరగాలి. యాక్సిలరేటరుకి ఒక చక్కటి పరీక్ష ఉంది. లీవరు న్యూట్రల్‌లో ఉన్నప్పుడు ఇంజను మీద యాక్సిలరేటరు మీట ఒక చిన్న స్క్రూకి ఆని ఉంటుంది. ఆ రెండింటి మధ్యా పల్చటి కాగితం ముక్క పెట్టి లాగాలి. చిరక్కుండా, కానీ కొంచెం పట్టుకుని పట్టుకుని రావాలి. జారిపోతే కేబులు వదులు, చిరిగితే మరీ బిగుతు. పైసా ఖర్చు లేని పరికరం. నేను మా అమ్మాయి లెక్కల నోటుబుక్కులో కాగితం చింపాను. మూడో సారికి సరిగ్గా వచ్చింది. అమ్మాయే లాగి చూసింది.

ఇంకొకటి, అన్నిటికంటే చిన్నది. ఇంజను ఆపే తాడు. ఒక చివర నడిపే మనిషి లైఫ్ జాకెట్‌కి, ఇంకో చివర స్విచ్చుకి. మనిషి నీళ్లలో పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. అది లేకపోతే మనిషి లేని బోటు గుండ్రంగా తిరుగుతూ, పడిన మనిషి మీదికే మళ్లీ మళ్లీ వస్తుంది. 26 అడుగులకంటే చిన్న బోట్లలో ఈ స్విచ్చు ఉంటే, వేగంగా వెళ్లేటప్పుడు తాడు తగిలించుకోవడం 2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికాలో తప్పనిసరి చేశారు. నేను పెట్టినప్పుడు ఆ చట్టం లేదు. 25 డాలర్లు అయింది.

ఏప్రిల్ మొదటి వారానికి పని అయిపోయింది. ఇక మూడో షరతు మిగిలింది. మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవారు. గ్రేట్ లేక్స్‌లో సరుకు ఓడల మీద ఇంజను గదిలో పనిచేసి రిటైరయ్యారు. ఒక శనివారం వచ్చి చూడమని అడిగాను. మనసులో మాత్రం, మెచ్చుకుని వెళ్తారనే అనుకున్నాను. వైర్లకి రంగుల టేపులు, కేబుళ్లకి పట్టీలు, గరాజు అంతా అద్దంలా ఉంది.

ఆయన వైర్ల వైపు చూడలేదు. తిన్నగా వెనక్కి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, స్టీరింగు కడ్డీనీ ఇంజనునీ కలిపే జాయింటు దగ్గర నట్టుని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పారు. అది తిరిగింది. పానా లేకుండా, వేళ్లతోనే. ఆయన ఏమీ అనలేదు. ఆ నట్టుని పూర్తిగా విప్పి నా చేతిలో పెట్టారు.

అది పాత నట్టు. అక్కడ వాడేది నైలాక్ నట్టు. లోపల నైలాన్ రింగు ఉంటుంది, ఊగుడికి వదులు కాకుండా అదే మరని పట్టి ఉంచుతుంది. ఒకసారి విప్పితే ఆ పట్టు తగ్గిపోతుంది, అందుకే కొత్తది వేయాలి. ఆ జాయింటు కదలాలి కాబట్టి నట్టుని చివరిదాకా బిగించి, మళ్లీ పావు చుట్టు వెనక్కి తిప్పుతారు. అంటే దాన్ని పట్టి ఉంచేది బిగింపు కాదు, ఆ నైలాన్ రింగే. ఈ సంగతంతా నాకు తెలుసు. సెట్టులో కొత్త నట్టు వచ్చింది కూడా. ఫిబ్రవరిలో ఒక రాత్రి పన్నెండింటికి అది చేతిలోంచి జారి బీరువా కిందికి దొర్లింది. చలి, నిద్ర. రేపు వెతుకుదాం, ఈ పూటకి పాతది వేసి ఉంచుదాం అనుకున్నాను. ఆ రేపు రాలేదు. నేను కాగితం మీద "స్టీరింగు జాయింటు" అన్న దానికి ఎదురుగా టిక్కు పెట్టేశాను. తరవాత ఆ టిక్కునే నమ్మాను, నట్టుని చూడలేదు.

ఆ నట్టు నడి సరస్సులో, ముప్ఫై మైళ్ల వేగంలో ఊడిపోయి ఉంటే చక్రం నా చేతిలో ఉండేది, ఇంజను మాత్రం తనిష్టం వచ్చిన వైపు తిరిగేది. కొత్త కేబులు, కొత్త చక్రం, క్లచ్చు, ఒక్కటీ పనికొచ్చేది కాదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది. ఆ సాయంత్రం బీరువా జరిపి కొత్త నట్టు తీశాను. అది వేశాక, టిక్కులన్నీ కొట్టేసి, మొదటి నుంచీ ప్రతి జాయింటూ మళ్లీ చూశాను. పెద్దాయన వారం తరవాత మళ్లీ వచ్చారు, మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నారు. ఈసారి నట్టు తిరగలేదు.

అప్పుడు కూడా వెంటనే సరస్సులోకి వెళ్లలేదు. మొదట ఇంటి ముందే ట్రెయిలరు మీద, ఇంజనుకి గొట్టంతో నీళ్లు పట్టి స్టార్ట్ చేశాం. నీళ్లు లేకుండా స్టార్ట్ చేస్తే లోపలి రబ్బరు పంపు కాలిపోతుంది. తరవాత నీళ్లలో రేవుకి కట్టేసి గేర్లు వేసి చూశాం. తరవాత నెమ్మదిగా, ఆ తరవాతే జోరుగా. తాడు లాగి ఇంజను ఆగుతోందో లేదో చూశాం. ఇద్దరం లైఫ్ జాకెట్లు వేసుకునే చేశాం. ఇక్కడ గోదావరి వాళ్లం ఒక మాట గుర్తుచేసుకోవాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన రోజు మనందరికీ తెలుసు. దాని కారణాలు వేరు, వాటి జోలికి నేను పోను. కానీ జాకెట్టు సీటు కింద ఉండటం వేరు, ఒంటి మీద ఉండటం వేరు. ఎవరు నడిపే పడవ ఎక్కినా, అడిగి వేసుకోండి. నవ్వితే నవ్వనివ్వండి.

ఇక లెక్క. స్టీరింగు సెట్టు 210 డాలర్లు. లీవరు పెట్టె 165. రెండు కేబుళ్లు 70. తాడూ స్విచ్చూ 25. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, నట్లు 30. గ్రీజు, సీలెంటు, బ్రష్షు 20. మొత్తం 520. షాపు వాళ్లు అడిగింది 1,600. మిగిలింది 1,080. నేను పెట్టిన టైము సుమారు 60 గంటలు. గంటకి 18 డాలర్లు. ఆఫీసు జీతంతో పోలిస్తే నష్టమే అని మా తమ్ముడు లెక్క వేసి చెప్పాడు. నిజమే. కానీ ఆ 60 గంటల్లో ఆ బోటులో ప్రతి జాయింటూ నా చేతికి తెలిసింది. ఇప్పుడు లీవరు కాస్త మెత్తబడినా, చక్రం కాస్త బిగిసినా అది నాకు చెప్తుంది, నేను వింటాను.

దీన్ని బట్టి అందరూ అన్నీ సొంతంగా చేసుకోండి అని నేను చెప్పను. చేతకాని పని వదిలేయడం కూడా తెలివే. చేస్తే మాత్రం, చేసినవాడి కళ్లు కాక వేరే కళ్లు చూడాలి. చేసినవాడికి తను చేద్దామనుకున్నది కనిపిస్తుంది. చూసేవాడికి ఉన్నది కనిపిస్తుంది. మన బడిలో జవాబు పత్రాలు పక్కవాడితో దిద్దించేవారు, గుర్తుందా? నా తప్పు నాకు ఎప్పుడూ కనిపించేది కాదు. పక్కవాడికి మాత్రం ఒక్కటీ తప్పేది కాదు. వాడు ఆ వెనక కుర్చీలోనే ఉన్నాడు, ఇంకా నవ్వుతున్నాడు.

ఈ స్వర్ణోత్సవాలకి మనందరం కలిసి బడికి ఏదో ఒకటి ఇద్దామనుకుంటున్నాం. కంప్యూటర్లు అన్నారు, ప్రొజెక్టరు అన్నారు, మంచిదే. నాదొక చిన్న కోరిక. వాటితో పాటు ఒక గదిలో ఒక గట్టి బల్ల, ఒక పట్టుకర్ర, పానాలు, ఆకురాయిలు, కొలిచే టేపులు పెడదాం. పాడైన ఫ్యాన్లు, సైకిళ్లు, పంపులు మనమే తెచ్చి ఇద్దాం. పిల్లలు విప్పనీ, బిగించనీ. ఒకడు బిగించింది ఇంకొకడు చూసి సంతకం పెట్టాలని గోడ మీద రాద్దాం. నా వాటా పానాల సెట్టు ఇవాళ సూట్‌కేసులో తెచ్చాను, హెడ్మాస్టరు గారికి అందజేస్తాను. విమానాశ్రయంలో దాని గురించి జవాబు చెప్పుకోవడానికి అరగంట పట్టింది.

మా అమ్మాయికి ఇప్పుడు 21 ఏళ్లు. బోటు ఎక్కువగా అదే నడుపుతోంది. రేవు వదిలే ముందు తాళ్లు విప్పకుండానే ముందుకి, న్యూట్రల్, వెనక్కి, మూడూ ఒకసారి వేసి చూస్తుంది. తరవాత వెనక్కి వంగి ఆ నట్టుని వేళ్లతో పట్టుకుని చూస్తుంది. నేను చూశాను కదే అంటే, "నువ్వు చూశావు నాన్నా, నేను చూడలేదుగా" అంటుంది.